సూట్‌కేసు దొరకలేదు, శిక్ష తప్పలేదు: సర్కోజీ, గడాఫీ కేసులో అసలేం జరిగింది?

ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు నికొలా సర్కోజీ మీద నాలుగు అభియోగాలు ఉండేవి. లంచం తీసుకున్నారన్నది మొదటిది. 2025 సెప్టెంబర్ 25న పారిస్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఎన్నికల ప్రచారానికి అక్రమ నిధులు వాడారన్నది రెండోది, అదీ నిలబడలేదు. దారిమళ్లిన లిబియా ప్రజాధనాన్ని దాచారన్నది మూడోది, అదీ పోయింది. చివరికి మిగిలింది నేరపూరిత కుట్ర ఒక్కటే. ఆ ఒక్కదానికి అయిదేళ్ల జైలు, లక్ష యూరోల జరిమానా, అయిదేళ్లు ఎన్నికల్లో నిలబడకుండా నిషేధం పడ్డాయి.

డబ్బు చేతికందినట్టు రుజువు కాలేదని చెప్పిన నోటితోనే కోర్టు జైలుకు పొమ్మంది. ఇదెలా కుదురుతుందని సామాన్యులకే కాదు, సర్కోజీ లాయర్లకూ అనుమానం వచ్చింది. ఈ ముడి విప్పాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి. ఒక నియంత డబ్బిచ్చి కొనుక్కునేది ఏమిటి, ఆ డబ్బు ఏ దారిన పోతుంది, చట్టం దాన్ని ఏ మలుపు దగ్గర పట్టుకోగలదు.

ఆరోపణ ఏమిటంటే

2007లో సర్కోజీ అధ్యక్ష పదవికి పోటీచేసి, మే 6న రెండో రౌండులో సెగొలెన్ రుయాయల్‌ను ఓడించారు. ఆ ప్రచారానికి లిబియా పాలకుడు ముఅమ్మర్ గడాఫీ రహస్యంగా డబ్బు పంపాడనీ, అందుకు బదులుగా సర్కోజీ బృందం కొన్ని పనులు చేసిపెడతామని ఒప్పుకుందనీ ఆరోపణ.

ఫ్రాన్స్ ఎన్నికల లెక్కలు మన లెక్కల్లాంటివి కావు. మన దగ్గర అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంటుంది కానీ పార్టీ ఖర్చుకు ఉండదు. ఆ సందులోంచి ఏనుగులు కూడా దూరిపోతాయి. ఫ్రాన్స్‌లో అధ్యక్ష అభ్యర్థి కోసం ఎవరు పెట్టిన ఖర్చయినా అభ్యర్థి ఖాతాలోకే వస్తుంది. 2007లో రెండో రౌండుకు చేరినవాళ్లకు పరిమితి దాదాపు 2.16 కోట్ల యూరోలు, అప్పటి మారకంలో సుమారు 120 కోట్ల రూపాయలు. ఒక వ్యక్తి ప్రచారానికి ఇవ్వగలిగేది 4,600 యూరోలే. 150 యూరోలు దాటితే నగదు రూపంలో ఇవ్వకూడదు. కంపెనీలు 1995 నుంచే ఇవ్వకూడదు. విదేశీ ప్రభుత్వాల మాట సరేసరి. కాబట్టి పరిమితికి మించి ఖర్చు పెట్టాలనుకున్నవాడికి పుస్తకాల్లోకి ఎక్కని నోట్లే దిక్కు.

అలాంటి నోట్లు ఇవ్వడానికి నియంతను మించిన దాత దొరకడు. పార్లమెంటు అడగదు, ఆడిటర్ ఉండడు, పత్రికలు రాయవు. దేశ ఖజానాకీ సొంత జేబుకీ మధ్య గోడే ఉండదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, లిబియా చమురు డబ్బును ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చుకోవచ్చు.

గడాఫీకి కావలసింది డబ్బుతో దొరికేది కాదు

ఈ కేసు మీద వచ్చిన రాతల్లో చాలావరకు ఎంత ఇచ్చారన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. నాకు మాత్రం ఎందుకిచ్చారన్నదే అసలు ప్రశ్న అనిపిస్తుంది.

గడాఫీ 1969 సెప్టెంబర్ 1న సైనిక తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చాడు. 1988 డిసెంబర్ 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పాన్ యామ్ విమానం పేలి 270 మంది చనిపోయారు. 1989 సెప్టెంబర్ 19న బ్రజవిల్ నుంచి పారిస్ వస్తున్న యూటీఏ 772 విమానం నైజర్ ఎడారి మీద పేలింది. 170 మంది చనిపోతే వాళ్లలో 54 మంది ఫ్రెంచివాళ్లు. రెండింటి వెనకా లిబియా హస్తం ఉందన్న ఆరోపణల మీద ఐక్యరాజ్య సమితి ఆంక్షలు పెట్టింది. యూటీఏ కేసులో 1999లో పారిస్ కోర్టు ఆరుగురు లిబియన్లకు వాళ్లు ఎదుట లేకుండానే యావజ్జీవ శిక్ష వేసింది. ఆ ఆరుగురిలో ఒకడు అబ్దుల్లా సెనుస్సీ. గడాఫీకి తోడల్లుడు, గూఢచారి వ్యవస్థలో పెద్ద తలకాయ.

2003 నాటికి గడాఫీ దారి మార్చాడు. బాధితులకు పరిహారం ఒప్పుకున్నాడు, అణ్వాయుధాల ప్రయత్నం వదులుకున్నట్టు ప్రకటించాడు. ఆంక్షలు తొలగాయి. అంతమాత్రాన నలుగురిలో మర్యాద రాదు కదా. వెలివేసిన ఇంటి మీద వెలి ఎత్తేశామని చాటింపు వేసినా, ఊరి పెద్ద ఆ ఇంటికొచ్చి భోంచేస్తే తప్ప మిగతావాళ్లు గడప తొక్కరు. గడాఫీకి కావలసింది ఆ భోజనం. దాంతోపాటు తోడల్లుడి మీద ఉన్న యావజ్జీవ శిక్షకు ఏదో ఒక దారి, చమురు కాంట్రాక్టులు, అణు విద్యుత్ సహకారం. ఇవేవీ బజార్లో దొరకవు. ఒక పెద్ద దేశపు అధ్యక్షుడు తలుచుకుంటే దొరుకుతాయి.

2007 డిసెంబర్‌లో ఆ భోజనం నిజంగానే జరిగింది. గడాఫీ పారిస్ వచ్చాడు. ప్రభుత్వ అతిథులు దిగే మారిన్యీ భవనం తోటలో తన అరబ్బు గుడారం వేయించుకున్నాడు. వెయ్యి కోట్ల యూరోల ఒప్పందాలంటూ ప్రభుత్వం చాటింది. మానవ హక్కుల సహాయ మంత్రిగా ఉన్న రామా యాద్ మాత్రం, పాలకులు తమ నేరాల నెత్తురు తుడుచుకోవడానికి ఫ్రాన్స్ కాళ్లపట్టా కాదని సొంత ప్రభుత్వం మీదే విరుచుకుపడ్డారు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. గడాఫీతో చెయ్యి కలపడం ఆ రోజుల్లో ఒక్క సర్కోజీ చేసిన పని కాదు. బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ 2004 మార్చిలోనే లిబియా వెళ్లి గుడారంలో కూర్చున్నారు. అదే ఏడాది నవంబర్‌లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్ ట్రిపోలీ వెళ్లారు. 2008లో అమెరికా విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ కూడా వెళ్లారు. చమురున్న చోటికి అందరూ వెళతారు. నియంతతో దోస్తీ సిగ్గుచేటు కావచ్చు కానీ నేరం కాదు. సర్కోజీ వాదనలో ఇది బలమైన ముక్క.

మూడు నెలల్లో మూడు ప్రయాణాలు

కథ తిరిగింది 2005 చివర్లో. అప్పుడు సర్కోజీ హోంమంత్రి, రాబోయే ఎన్నికలకు సిద్ధమవుతున్న నాయకుడు.

అక్టోబర్ 6న ఆయన ట్రిపోలీ వెళ్లి గడాఫీని కలిశారు. అధికారికంగా మాట్లాడిన విషయాలు అక్రమ వలసలు, ఉగ్రవాదం. అందులో వింత లేదు. వింతంతా దానికి ముందూ వెనకా జరిగిన రెండు సమావేశాల్లో ఉంది. కొద్ది రోజుల ముందు సర్కోజీ కార్యాలయాధిపతి క్లోద్ గెయాన్ ట్రిపోలీలో సెనుస్సీని కలిశారు. డిసెంబర్ 21న సర్కోజీకి చిరకాల మిత్రుడు, ఆయన శాఖలోనే సహచర మంత్రి అయిన బ్రీస్ ఓర్తఫో కూడా అదే సెనుస్సీని కలిశారు. రెండుసార్లూ ఫ్రెంచి రాయబారి లేరు, దౌత్యాధికారులు లేరు. ఉన్నది జియాద్ తకియెద్దీన్ అనే ఫ్రెంచి లెబనీస్ వ్యాపారి, మన మాటల్లో మధ్యవర్తి.

ఫ్రాన్స్ కోర్టు యావజ్జీవం వేసి, పట్టుకోవడానికి వారంట్లు జారీ చేసిన మనిషి సెనుస్సీ. ఆ వారంటు అమలు చేయాల్సింది పోలీసులు. పోలీసులు ఉండేది హోంమంత్రి కింద. ఆ హోంమంత్రికి కుడిభుజం లాంటి వాళ్లిద్దరూ ఆ మనిషితో చాటుగా కూర్చున్నారు. అదీ 54 మంది ఫ్రెంచివాళ్లను చంపిన కేసులో.

గెయాన్, ఓర్తఫో ఇద్దరూ చెప్పింది ఒకటే. తకియెద్దీన్ తమను బుట్టలో వేశాడు, ఎవరిని కలవబోతున్నామో తెలియకుండానే అక్కడికి తీసుకెళ్లాడు అని. ఒకసారి మోసపోవడం సహజం. మూడు నెలల తర్వాత అదే గుంటలో రెండో మనిషి కూడా పడ్డాడంటే, మొదటివాడు హెచ్చరించలేదా అన్న ప్రశ్న వస్తుంది. కోర్టు ఆ వాదనను నమ్మలేదు. విమానం పేలుడులో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు 2025 జనవరిలో మొదలైన విచారణలో కోర్టు ముందు కూర్చుని ఇదంతా విన్నాయి.

డబ్బు ఎంతవరకు కనబడింది, ఎక్కడ మాయమైంది

మన ఏసీబీ కేసుల్లో సాక్ష్యం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. నోట్లకు పొడి పూస్తారు, లంచం తీసుకున్నవాడి చేతులు రసాయన ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. అంతర్జాతీయ వ్యవహారంలో గులాబీ చేతులు దొరకవు. దొరికేది తెగిపోయిన దారం ముక్కలు.

మొదటి ముక్క బ్యాంకు పద్దు. 2006లో లిబియా నుంచి తకియెద్దీన్‌కు చెందిన రాస్‌ఫీల్డ్ అనే విదేశీ కంపెనీ ఖాతాకు దాదాపు 60 లక్షల యూరోలు వచ్చాయి. డబ్బు లిబియా దాటిందనడానికి ఇది గట్టి ఆధారం. రెండోది లిబియా చమురు మంత్రిగా చేసిన షుక్రి గానెమ్ చేతిరాత పుస్తకం. సర్కోజీకి 65 లక్షల యూరోలు పంపిన సంగతి అందులో 2007 ఏప్రిల్ 29 తేదీతో రాసి ఉంది. సరిగ్గా అయిదేళ్లకు, 2012 ఏప్రిల్ 29న, గానెమ్ శవం వియన్నాలో డాన్యూబ్ నదిలో తేలింది.

మూడోది తకియెద్దీన్ నోటిమాట. 2006 చివర్లో, 2007 మొదట్లో మొత్తం 50 లక్షల యూరోలు సూట్‌కేసుల్లో మోసుకెళ్లి ఇచ్చానని 2016 నవంబర్‌లో చెప్పాడు. 2020 నవంబర్‌లో అబ్బే, అలాంటిదేం లేదన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ మొదటి మాటకు వచ్చాడు. పూటకో మాట చెప్పే సాక్షిని ఏ కోర్టు నమ్ముతుంది? పైగా ఆ మాట మార్పించింది ఎవరన్న అనుమానం మీద ఇంకో దర్యాప్తే మొదలై, అందులో సర్కోజీతోపాటు ఆయన భార్య కార్లా బ్రూనీ కూడా ఇరుక్కున్నారు.

నాలుగో ముక్క పారిస్‌లో. ప్రచార సమయంలో గెయాన్ ఒక బ్యాంకులో మనిషి పట్టేంత లాకరు గది అద్దెకు తీసుకున్నారు. ఎందుకని అడిగితే సర్కోజీ ప్రసంగాల కాగితాలు దాచడానికి అన్నారు. ప్రసంగాలంటే మైకుల ముందు చదివేవే కదా, వాటికి లాకరెందుకో మరి. ప్రచార కార్యాలయ సిబ్బందికి కవర్లలో నోట్లు పంచిన సంగతి కూడా బయటపడింది. అభిమానులు పేరు రాయకుండా పోస్టులో పంపిన డబ్బది అని కోశాధికారి ఎరిక్ వుఅర్త్ చెప్పారు. ఆయన మీద కేసు కొట్టేశారు.

ఇక గెయాన్ సొంత కథ. 2008లో ఆయన ఖాతాలో 5 లక్షల యూరోలు పడ్డాయి, ఆ డబ్బు పారిస్‌లో ఫ్లాటుగా మారింది. 17వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రాలు రెండు ఒక మలేసియా లాయరుకు అమ్మానన్నారాయన. ఆ బొమ్మలకు అంత ధర ఎక్కడిదని నిపుణులు పెదవి విరిచారు. కోర్టు ఆయన్ను లంచం కేసులోనే దోషిగా తేల్చి ఆరేళ్లు వేసింది. వయసు, అనారోగ్యం చూసి వెంటనే జైలుకు పంపలేదు.

అన్నిటికన్నా ఎక్కువ మోత మోగించిన కాగితం మాత్రం చివరికి చెల్లకుండా పోయింది. 5 కోట్ల యూరోలు ఇవ్వడానికి లిబియా ఒప్పుకున్నట్టు ఉన్న ఒక లేఖను 2012 ఏప్రిల్ 28న, సర్కోజీ రెండోసారి పోటీచేస్తున్న ఎన్నికల రెండు రౌండ్ల మధ్యలో, మీడియాపార్ట్ వార్తాసంస్థ బయటపెట్టింది. అది నకిలీ అయివుండే అవకాశమే ఎక్కువని 2025 తీర్పులో కోర్టు చెప్పింది. సర్కోజీ వర్గం దీన్ని పట్టుకుని కేసంతా కల్పితమంది. కానీ కోర్టు ఆ కాగితం మీద ఆధారపడి శిక్ష వేయలేదు. బ్యాంకు పద్దులు, గానెమ్ పుస్తకం, ప్రయాణాల తేదీలు ఆ లేఖతో సంబంధం లేకుండా విడిగా ఉన్నాయి.

కుట్ర అంటే చట్టం దృష్టిలో ఏమిటి

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక మండలంలో జడ్పీటీసీగా పోటీచేయాలనుకుంటున్న రంగారావు ఉన్నాడు. ఆ పక్కనే కేసుల్లో ఇరుక్కుని లైసెన్సు పోగొట్టుకున్న ఇసుక కాంట్రాక్టరు ఉన్నాడు. రంగారావు బావమరిది ఒక రాత్రి, అతని స్నేహితుడు ఇంకో రాత్రి ఆ కాంట్రాక్టరును కలిశారు. తర్వాత కాంట్రాక్టరు ఖాతా నుంచి ఒక బ్రోకరు ఖాతాకు ఇరవై లక్షలు వెళ్లాయి. బ్రోకరు ఆ డబ్బు విడతలుగా డ్రా చేశాడు. ఎన్నికల్లో రంగారావు మనుషులు నోట్లు పంచారు. ఆ నోట్లు ఆ ఇరవై లక్షల్లోవేనా? ఎవరూ చెప్పలేరు, నోటు మీద ఊరి పేరు రాసి ఉండదు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒప్పందం కుదిరిందా? దాని కోసం ఎవరైనా ఏదైనా పని చేశారా? డబ్బు అభ్యర్థి ప్రచారానికి చేరిందా? అక్రమ ప్రచార నిధుల నేరానికి మూడో ప్రశ్నకు జవాబు ఔను కావాలి. కుట్రకు మొదటి రెండు చాలు.

పారిస్ కోర్టు సరిగ్గా ఇదే గీత గీసింది. డబ్బు లిబియా నుంచి బయల్దేరింది, కానీ చివరికి సర్కోజీ ప్రచారానికే ఖర్చయిందని రుజువు కాలేదు. అందుకే అక్రమ నిధుల అభియోగం కొట్టేసింది. అయితే తన మాట మీద నడిచే సన్నిహితులు తన ఎన్నిక కోసం లిబియా పాలకులను డబ్బు అడగడానికి సర్కోజీ వీలు కల్పించారనీ, 2005 నుంచి 2007 మే 15 దాకా సాగిన ఆ ప్రయత్నమే నేరమనీ తేల్చింది. మే 15 ఎందుకంటే, మర్నాడే ఆయన అధ్యక్షుడిగా పగ్గాలు చేపట్టారు. అక్కణ్నించి అధ్యక్షుడి పనులకు కేసుల నుంచి రాజ్యాంగ రక్షణ మొదలవుతుంది.

ఈ కుట్ర నేరం ఫ్రెంచి శిక్షాస్మృతిలో 450-1 అధికరణం. దాని వేళ్లు 19వ శతాబ్దంలో దొంగల ముఠాలను, అరాచకవాదులను అణచడానికి చేసిన చట్టాల్లో ఉన్నాయి. ఈ రోజుల్లో ఎక్కువగా వాడేది మాదకద్రవ్యాల ముఠాల మీద, ఉగ్రవాదుల మీద. బాంబు పేలకముందే, సరుకు చేరకముందే పట్టుకోవడానికన్నమాట. ముఠాల కోసం అల్లిన వలలో మాజీ దేశాధ్యక్షుడు పడ్డాడు.

మన చట్టం ఇంతకన్నా కఠినం అంటే ఆశ్చర్యపోతారు. పాత ఐపీసీ 120-బి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 61వ సెక్షన్. నేరం చేయడానికి ఇద్దరు ఒప్పుకుంటే చాలు, అదే నేరం. ఆ దిశగా ఒక్క అడుగు వేసినట్టు చూపనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో కనీసం ఒక పని జరిగినట్టు చూపాలి. అలాగే మన అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ కింద ఉద్యోగి లంచం కోసం ప్రయత్నించినా నేరమే. కాబట్టి డబ్బు ముట్టకుండా శిక్ష ఏమిటన్న ఆశ్చర్యం మనకు అంతగా అక్కర్లేదు.

తీర్పును తప్పుబట్టేవాళ్లు, సమర్థించేవాళ్లు

తప్పుబట్టేవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. కుట్ర నేరానికి అంచులు మసకగా ఉంటాయి. అసలు నేరం రుజువు కానప్పుడు, దాని తయారీకి శిక్ష వేయడమంటే ముందు తలుపు మూసి దొడ్డిదారి తెరవడమే కదా అంటారు వాళ్లు. నాయకుడి అనుచరులు చేసిన పనికి నాయకుడికి తెలిసే ఉంటుందని ఊహించి శిక్షించవచ్చా? రాత ఆదేశం లేదు, ఫోన్ రికార్డింగు లేదు. పైగా 2012లో పదవి దిగినప్పటి నుంచి సర్కోజీని న్యాయమూర్తులు వెంటాడుతున్నారన్న భావన ఫ్రెంచి రైట్‌వింగ్ వర్గాల్లో బలంగా ఉంది. ఆయనకు వ్యతిరేకంగా పోయిన తీర్పు ఇది మొదటిది కాదు. ఒక న్యాయమూర్తిని ప్రలోభపెట్టిన కేసులో శిక్ష 2024 డిసెంబర్‌లో అంతిమమై, కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ కట్టుకున్నారు. లిబియా తీర్పు వినగానే ఆయన, జైల్లో పడుకోమంటే పడుకుంటాను కానీ తలెత్తుకునే పడుకుంటాను అన్నారు.

సమర్థించేవాళ్లు చెప్పేది ఇది. ఇంత ఎత్తున జరిగే వ్యవహారంలో రాతకోతలు ఎవరు ఉంచుతారు? మధ్యవర్తులను పెట్టేదే చేతులకు మట్టి అంటకూడదని. ఆ మధ్యవర్తే పెద్దమనిషికి రక్షణ కవచమైతే, చిన్న గుమస్తాలు తప్ప ఇంకెవరూ ఎప్పుడూ దొరకరు. పైగా కోర్టు గుడ్డిగా శిక్షించలేదు, రుజువు కానివి మూడూ కొట్టేసింది. పగతో రాసిన తీర్పయితే అలా ఉండదు.

నా మట్టుకు రెండో వాదనలో బరువు ఎక్కువ కనిపిస్తుంది, ముఖ్యంగా సెనుస్సీతో జరిగిన సమావేశాల వల్ల. కానీ మొదటివాళ్లు అడిగిన ప్రశ్న, అనుచరుడి తప్పులో నాయకుడి వాటా ఎంత అన్నది, ఈ ఒక్క తీర్పుతో తీరేది కాదు. తీర్పు వచ్చాక ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన న్యాయమూర్తిని చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వాటి మీద పోలీసు దర్యాప్తు వేయాల్సి వచ్చింది.

మరి ఆ గడాఫీ మీదే బాంబులు ఎందుకు వేశారు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. 2011 మార్చి 10న లిబియా తిరుగుబాటుదారులను మొట్టమొదట గుర్తించింది ఫ్రాన్స్. మార్చి 16న గడాఫీ కొడుకు సైఫ్ అల్ ఇస్లాం టీవీలో, సర్కోజీ ఎన్నికకు డబ్బిచ్చింది మేమే, ఆ డబ్బు తిరిగిచ్చెయ్ అన్నాడు. మర్నాడు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి, లిబియాలో సైనిక చర్యకు అనుమతిస్తూ 1973వ నంబరు తీర్మానం ఆమోదించింది. అప్పుడు మండలిలో సభ్యదేశంగా ఉన్న భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. మార్చి 19న ఫ్రెంచి యుద్ధవిమానాలు తొలి దాడి చేశాయి. అక్టోబర్ 20న సిర్తె పట్టణంలో గడాఫీ చనిపోయాడు.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. అప్పు ఉన్నవాడు అప్పిచ్చినవాడి ఇంటికి నిప్పు పెడతాడా, ఇదంతా ఓడిపోతున్నవాడు కక్షతో అల్లిన కథ అంటుంది సర్కోజీ పక్షం. నోరు మూయించడానికే నిప్పు పెట్టారంటారు ఎదుటివాళ్లు. రెండోదానికి ఆధారం ఎవరూ చూపలేదు, కోర్టు ముందున్న ప్రశ్న కూడా అది కాదు. ఇక కక్ష వాదనకు ఒక తేదీ అడ్డొస్తుంది. గానెమ్ పుస్తకంలో రాత 2007 నాటిది. అప్పటికి ఇద్దరి మధ్యా పగ లేదు, పెళ్లివారి మర్యాదలే ఉన్నాయి.

గడాఫీ పోయాక లిబియా ముక్కలైంది. ఆ సిర్తెలోనే యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను 2015 జులైలో ఐసిస్ ముఠా ఎత్తుకెళ్లి ఏడాదికి పైగా బందీలుగా ఉంచింది. అప్పుడు ఆ ఊరి పేరు మన పేపర్లలో మారుమోగింది.

అప్పీలు ఉండగానే జైలుకెందుకు?

ఫ్రాన్స్‌లో మామూలుగా అప్పీలు వేస్తే శిక్ష అమలు ఆగుతుంది. కానీ నేర తీవ్రత అసాధారణం అనుకుంటే వెంటనే అమలు చేయమని కోర్టు ఆదేశించవచ్చు. ఇక్కడ అదే జరిగింది. అక్టోబర్ 21న సర్కోజీ పారిస్‌లోని లా సాంతే జైలుకు వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలతో చేతులు కలిపిన ఫిలిప్ పెతాఁ తర్వాత జైలు చూసిన మాజీ ఫ్రెంచి దేశాధినేత ఆయనే.

ఇరవై రోజులకే, నవంబర్ 10న, విడుదలయ్యారు. దాన్ని కొందరు తీర్పు తిరగబడినట్టుగా చెప్పుకున్నారు. అది పొరపాటు. అప్పీలు దశలో నిర్బంధం కొనసాగాలంటే, సాక్ష్యాలు చెరిపేయకుండా, సాక్షులను బెదిరించకుండా, పారిపోకుండా ఆపడానికి వేరే మార్గం లేదని చూపాలి. ఆ అవసరం లేదన్నది కోర్టు, అంతే. దేశం దాటకూడదు, తోటి నిందితులను కలవకూడదు అని షరతులు పెట్టింది. ఒక షరతు మాత్రం విచిత్రం. న్యాయశాఖ మంత్రి జెరాల్డ్ దార్మనాఁను కూడా కలవకూడదంది. ఆ మంత్రి జైలుకెళ్లి మరీ సర్కోజీని పలకరించి వచ్చారు మరి.

మనకూ ఒక వోల్కర్ ఉంది

విదేశీ నియంత, స్వదేశీ నాయకుడు, మధ్యలో వ్యాపారి. ఈ ముగ్గురి బొమ్మ మనకు కొత్త కాదు. సద్దాం హుస్సేన్ పాలనలోని ఇరాక్ మీద ఆంక్షలున్నప్పుడు, 1996 నుంచి 2003 దాకా, చమురమ్మి తిండి, మందులు కొనుక్కోవడానికి ఐక్యరాజ్య సమితి అనుమతించింది. చమురు ఎవరికి అమ్మాలో ఎంచుకునే వీలు మాత్రం సద్దాం చేతిలోనే ఉంది. తనకు పనికొస్తారనుకున్నవాళ్లకు కేటాయింపులు రాసి, బారెల్‌కు ఇంత అని చాటుగా వసూలు చేశాడు. 2005 అక్టోబర్ 27న, దీని మీద ఐక్యరాజ్య సమితి వేసిన వోల్కర్ కమిటీ నివేదిక వచ్చింది. దాదాపు 2,200 కంపెనీలు ఇరాక్‌కు 180 కోట్ల డాలర్లు అక్రమంగా ముట్టజెప్పాయని తేల్చింది. లబ్ధిదారుల పట్టికలో మన విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ పేరు, కాంగ్రెస్ పార్టీ పేరు కనిపించాయి. ఇద్దరూ ఖండించారు. నట్వర్ సింగ్ ముందు శాఖ, డిసెంబర్‌లో మంత్రి పదవి పోగొట్టుకున్నారు.

2006 ఆగస్టులో జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్ విచారణ నివేదిక వచ్చింది. కొడుకు స్నేహితులకు చమురు కాంట్రాక్టు దక్కడానికి నట్వర్ సింగ్ తన పలుకుబడి వాడారని చెప్పింది. ఆయనకు వ్యక్తిగతంగా డబ్బు అందినట్టు ఆధారం లేదనీ చెప్పింది. పారిస్‌లో ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన మాటే దాదాపు ఇది. తేడా ఏమిటంటే అక్కడ దాని మీద క్రిమినల్ విచారణ సాగి శిక్ష పడింది. ఇక్కడ నట్వర్ సింగ్‌కు పదవి పోయిందే తప్ప శిక్ష పడలేదు.

మన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పార్టీలూ అభ్యర్థులూ విదేశీ సొమ్ము ముట్టకూడదంటుంది. 2014లో ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్, బీజేపీ రెండూ ఆ చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది. 2016లో, మళ్లీ 2018లో పార్లమెంటు విదేశీ మూలం అన్న మాటకే అర్థం సవరించింది, 1976 నుంచి వర్తించేలా. ఈ ఒక్క విషయంలో అధికార, ప్రతిపక్షాల మధ్య పెద్దగా గొడవ జరగలేదు.

అప్పీలు కోర్టు ముందు మిగిలినవి

అప్పీలు విచారణకు 2026 మార్చి 16 నుంచి జూన్ 3 వరకు తేదీలు కేటాయించారు. సర్కోజీతోపాటు ప్రాసిక్యూషన్ కూడా అప్పీలు వేసింది. అంటే శిక్ష పడిన అభియోగమే కాదు, కొట్టేసినవి కూడా మళ్లీ బల్ల మీదికి వస్తాయి. చివరి తీర్పు దాకా చట్టం దృష్టిలో ఆయన నిర్దోషి కిందే లెక్క.

గడాఫీ లేడు, గానెమ్ లేడు. సూట్‌కేసులు మోశానని ఒకసారి, మోయలేదని ఒకసారి చెప్పిన తకియెద్దీన్ కూడా పారిస్ తీర్పుకు సరిగ్గా రెండు రోజుల ముందు బేరూట్‌లో కన్నుమూశాడు. చేతిరాత పుస్తకం ఒకటి, రాస్‌ఫీల్డ్ బ్యాంకు పద్దులు, 2005 నాటి మూడు విమాన ప్రయాణాల తేదీలు ఉన్నాయి. సూట్‌కేసుల్లో ఏముందో చెప్పగలిగినవాడు మాత్రం ఇక బోనెక్కడు.